విశాఖలో ఇంటి సోలార్, బ్యాటరీ: డిస్కం దగ్గర దాచాల్సిందేమీ లేదు

మధురవాడలో సొంత డాబా ఇల్లు, పైన ఒక అంతస్తు. నెలకు 500 యూనిట్ల దాకా కాలుతోంది. మీటరు నాన్నగారి పేరు మీద ఉంది, బిల్లులో లోడు 3 కిలోవాట్లు. 5 కిలోవాట్ల ప్యానెళ్లు, హైబ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెళ్లకూ బ్యాటరీకీ కలిపి ఒకటే), 10 యూనిట్ల లిథియం బ్యాటరీ పెట్టించాలనుకుంటున్నారు. వెండార్ మాత్రం ‘బ్యాటరీ సంగతి ఈపీడీసీఎల్‌కు చెప్పకండి, ఇన్‌స్పెక్షన్ అయ్యాక తగిలించేద్దాం’ అంటున్నారు. వినొచ్చా అని మీరు అడిగారు.

వినొద్దండి. బ్యాటరీ పెట్టుకోవడం తప్పేమీ కాదు, దాచి పెట్టడమే తప్పు. కరెంటు పోయినప్పుడు మీ ఇంట్లోంచి ఒక్క ఓల్టు కూడా వీధి లైను మీదకు రాకూడదు. డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌కు, కావలసిన భరోసా అదే, మిగతా కాగితాలన్నీ దాని చుట్టూ తిరిగేవే. బ్యాటరీ లేని మామూలు గ్రిడ్ ఇన్వర్టర్ అయితే లైను పోగానే తనంతట తానే ఆగిపోతుంది. బ్యాటరీ ఉన్న ఇల్లు అలా ఆగదు, చీకట్లో కూడా 230 ఓల్టులు తయారు చేస్తూనే ఉంటుంది. అందుకే నెట్ మీటరింగ్ (గ్రిడ్‌కు పంపిన యూనిట్లను వాడినవాటిలోంచి తీసేసి బిల్లు వేసే పద్ధతి) నిబంధనల్లో బ్యాటరీకి మామూలుగా ఒక షరతు ఉంటుంది: బ్యాకప్ వైరింగ్ వేరుగా ఉండాలి, లైను లేనప్పుడు ఆ కరెంటు గ్రిడ్‌లోకి పోకుండా ఏర్పాటు ఉండాలి, చేత్తో విడదీసే స్విచ్ కూడా ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక ఈ ఊళ్లో స్తంభాలెక్కి రాత్రింబవళ్లు లైన్లు నిలబెట్టినవాళ్లు గుర్తున్నారు కదా. మళ్లీ అలాంటి రోజు వస్తే, మీ వీధిలో ‘లైను చచ్చింది’ అనుకుని వైరు మీద చెయ్యి వేసేది వాళ్లే.

బ్యాటరీ తర్వాత తగిలిస్తే ఇంకో చిక్కు కూడా ఉంది. పాస్ అయిన సింగిల్ లైన్ డయాగ్రంలో (పరికరాలన్నీ ఎలా కలిశాయో చూపే డ్రాయింగ్) లేని పరికరం ఇంట్లో ఉన్నట్టవుతుంది. రేపు మీటరు మార్చడానికో, లోడు పెంచడానికో వచ్చిన మనిషి చూస్తే నెట్ మీటరింగ్ ఒప్పందం ప్రశ్నలో పడుతుంది. అగ్ని ప్రమాదం జరిగితే బీమా వాళ్లు కూడా ఆ డయాగ్రం అడగొచ్చు. కాబట్టి మొదటి డ్రాయింగ్‌లోనే బ్యాటరీని, దాని ఫ్యూజును, బ్యాకప్ డీబీని (బ్రేకర్లు ఉండే పెట్టె), ఐసొలేటర్‌ను (చేత్తో విడదీసే స్విచ్) గీయించండి. బ్యాటరీ కొనడం ఆరు నెలల తర్వాతైనా సరే, డ్రాయింగ్‌లో ఇప్పుడే ఉండనివ్వండి.

అనుమతికి నెలల తరబడి తిరగాలన్న భయం పాతకాలపుది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్ని సవరించింది. 10 కిలోవాట్ల లోపు రూఫ్‌టాప్ దరఖాస్తుకు ఫీజిబిలిటీ అధ్యయనం (లైను తట్టుకుంటుందా అన్న పరిశీలన) అక్కర్లేదు, దరఖాస్తు ఒప్పుకున్నట్టే లెక్క. దానికి సరిపడా లోడు పెంచాల్సి వస్తే అది కూడా అందులోనే కలిసి వస్తుంది. 5 కిలోవాట్ల వరకు బయటి లైనునో ట్రాన్స్‌ఫార్మర్‌నో బలపరచాల్సి వస్తే ఆ ఖర్చు డిస్కమే పెట్టుకోవాలి. బిగింపు పూర్తయిందని సర్టిఫికెట్ ఇచ్చాక ఒప్పందం, మీటరు, కమిషనింగ్ (గ్రిడ్‌కు కలిపి నడిపించడం) అన్నీ 15 రోజుల్లో అయిపోవాలి. అంటే ముందు వచ్చే ఆమోదం దాదాపు ఆటోమేటిక్. అసలు పరీక్ష ఇన్‌స్పెక్షన్ రోజే, దరఖాస్తులు ఆగిపోయేది కూడా అక్కడే.

దరఖాస్తుకు ముందు పేరు సంగతి తేల్చుకోండి. ఇంటి సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో సర్వీసు నంబరు కొట్టగానే డిస్కం రికార్డులో ఉన్న పేరే వస్తుంది. సబ్సిడీ ఆ పేరున్న బ్యాంకు ఖాతాకే పడుతుంది. నాన్నగారు ఉన్నారు కాబట్టి దరఖాస్తు, లోను, ఖాతా అన్నీ ఆయన పేరు మీదే నడిపించడం తేలిక. మీటరు మీ పేరుకు మారాలనుకుంటే ముందు టైటిల్ ట్రాన్స్‌ఫర్ పూర్తి చేసి, కొత్త పేరుతో ఒక బిల్లు వచ్చాకే పోర్టల్ జోలికి వెళ్లండి. సగంలో పేరు మారిస్తే రెండు రికార్డులూ పొంతన కుదరక దరఖాస్తు మళ్లీ మొదటికి వస్తుంది. ఇంటిపేరు పూర్తిగా రాయడం, ఒక అక్షరంతో సరిపెట్టడం లాంటి తేడాలకు కూడా సబ్సిడీ ఆగుతుంది. ఆధార్, పాస్‌బుక్, కరెంటు బిల్లు మూడూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోండి. పాత బకాయి పది రూపాయలున్నా కట్టేయండి.

ఇక 5 కిలోవాట్లు అవసరమా? మీ వాడకానికి లెక్క వేద్దాం. 2022 ఏప్రిల్ నుంచి అమలైన స్లాబుల్లో మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. ఈ లెక్కన 500 యూనిట్లకు ఎనర్జీ చార్జీ ఒక్కటే సుమారు 3,523 రూపాయలు. ఇక్కడ కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు అనుకుంటే 3 కిలోవాట్లకు నెలకు 360 యూనిట్లు వస్తాయి. నికరంగా మిగిలే 140 యూనిట్లకు చార్జీ 507 రూపాయలే. అంటే మొదటి 3 కిలోవాట్లే నెలకు 3,000 రూపాయలు మిగులుస్తాయి. తర్వాతి రెండు కిలోవాట్లు తెచ్చే 240 యూనిట్లలో 140 యూనిట్లు ఆ 507 రూపాయల్ని తుడిచేస్తాయి, మిగతా 100 యూనిట్లు మీ ఖాతాలో మిగులుగా పడి ఉంటాయి. సబ్సిడీ కూడా 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000, మూడోదానికి 18,000. మొత్తం 78,000 దగ్గర ఆగిపోతుంది, నాలుగో కిలోవాట్‌కు పైసా రాదు. రెండేళ్లలో కరెంటు కారు కొనే ఆలోచనో, పై అంతస్తులో ఇంకో ఏసీ పెట్టే ఆలోచనో ఉంటే 5 పెట్టండి. లేకపోతే 3 కిలోవాట్ల ప్యానెళ్లు, 5 కిలోవాట్ల హైబ్రిడ్ ఇన్వర్టర్ మంచి జోడీ. ప్యానెళ్లు తర్వాత పెంచుకోవచ్చు, అప్పుడు ఆ మార్పును డిస్కంలో నమోదు చేయించాలి. సబ్సిడీకి ప్యానెళ్ల సామర్థ్యం, ఇన్వర్టర్ సామర్థ్యం రెండింటిలో తక్కువదే లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి 540 వాట్ల ప్యానెళ్లు ఐదు పెట్టి ‘3 కిలోవాట్లు’ అంటే కుదరదు, అది 2.7 మాత్రమే. ఆరు కావాలి. ప్యానెళ్లు దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన డీసీఆర్ రకమే అయి ఉండాలి. డీసీఆర్ కానివి చవగ్గా వస్తాయి, సబ్సిడీ మాత్రం పోతుంది.

బ్యాటరీ విషయంలో ఇంకా సూటిగా చెప్పాలి. పథకంలో బ్యాటరీకి సబ్సిడీ లేదు. నెట్ మీటరింగ్‌లో పగలు పంపిన యూనిట్‌కు రాత్రి యూనిట్ వెనక్కి వస్తుంది. అదే యూనిట్‌ను బ్యాటరీలోంచి తిప్పితే పదో వంతుకు పైగా వేడిగా పోతుంది. కాబట్టి బ్యాటరీ బిల్లు తగ్గించదు, కరెంటు పోయిన గంటలకు పనికొస్తుంది. దాని సైజు కూడా ఆ గంటల లెక్కలోనే చూసుకోవాలి. 51.2 ఓల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి 5.12 యూనిట్లు. వాడుకోగలిగేది 4.5 అనుకోండి. నాలుగు ఫ్యాన్లు 300 వాట్లు, ఫ్రిజ్ సగటున 60, దీపాలు, వైఫై, టీవీ కలిపి 150. అంతా 500 వాట్లు, అంటే తొమ్మిది గంటలు. ఫ్యాన్లు తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీవి అయితే అర్ధరాత్రి పోయిన కరెంటు మర్నాడు మధ్యాహ్నానికి వచ్చినా ఇబ్బంది ఉండదు. తుపాను తర్వాత రోజుల తరబడి లేకపోయినా, ఎండ కాసిన పూట ప్యానెళ్లు మళ్లీ నింపుతాయి. ఒకటిన్నర టన్ను ఏసీని, బోరు మోటారును బ్యాకప్ మీద పెట్టాలనుకుంటేనే 10 యూనిట్లు అవసరం. మోటారు వద్దనే నా సలహా. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేది దాదాపు ఒక కిలోవాట్‌తోనే అయినా, లేచేటప్పుడు అయిదారు రెట్ల కరెంటు లాగుతుంది. ఆ ఒక్క క్షణానికే ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని ఆగి ఇల్లంతా చీకటవుతుంది. ట్యాంకు పగలే నింపుకోండి.

బ్యాకప్ వైరింగ్ దగ్గర కాస్త ఎక్కువ చెప్తాను, చాలా ఇళ్లలో పని చెడేది ఇక్కడే. హైబ్రిడ్ ఇన్వర్టర్‌కు రెండు ఏసీ పోర్టులుంటాయి: ఒకటి గ్రిడ్‌కు, ఒకటి బ్యాకప్‌కు. బ్యాకప్ పోర్టు నుంచి వేరే డీబీ పెట్టి ఫ్యాన్లు, దీపాలు, ఫ్రిజ్ సాకెట్ దానికి మార్చాలి. ఎలక్ట్రీషియన్లు ఫేజ్ వైరును మాత్రం మార్చేసి, న్యూట్రల్‌ను పాత న్యూట్రల్ లింకులోనే వదిలేస్తుంటారు. పాత ఇన్వర్టర్లకు అలా చేసినా నడిచింది, దీనికి నడవదు. లైను ఉన్నప్పుడు ఫేజ్ ఒక దారిన వెళ్లి న్యూట్రల్ ఇంకో దారిన తిరిగొస్తుంది, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తెంచే బ్రేకర్) ఆ తేడా చూసి పడిపోతుంది. అప్పుడు ‘ఇది ఊరికే పడుతోంది’ అని ఆర్‌సీసీబీని తీసేస్తారు, షాక్ నుంచి కాపాడే ఒక్క పరికరమూ పోతుంది. పైగా మీ బ్యాకప్ న్యూట్రల్ వీధి న్యూట్రల్‌తో ఎప్పుడూ కలిసే ఉంటుంది. మీది మేడ కాబట్టి మెట్ల దీపం తప్పక చూడండి. ఫేజ్ కింది సర్క్యూట్ నుంచి, న్యూట్రల్ పై అంతస్తు నుంచి తీసుకోవడం పాత వైరింగులో సర్వసాధారణం. బ్యాకప్ సర్క్యూట్ ఒక్కొక్కదానికి దాని న్యూట్రల్ వెతికి పట్టుకుని కొత్త డీబీలోని వేరే న్యూట్రల్ బార్‌కు చేర్చాలి. అది ఒక పూట పని. కొటేషన్‌లో ఉండదు, మీరే అడిగి రాయించాలి. బ్యాకప్ మోడ్‌లో న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య ఉండాల్సిన బంధాన్ని ఇన్వర్టరే వేస్తుందా, బయట రిలే పెట్టాలా అన్నది ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ బంధం లేకుంటే ఆర్‌సీసీబీ బ్యాకప్‌లో పని చేయదు.

ఇన్‌స్పెక్షన్‌కు ముందు రోజు ఈ పరీక్ష మీరే చేయించండి. బ్యాకప్ మీద రెండు ఫ్యాన్లు వేసి మెయిన్ ఎంసీబీ (ఇంటి మొత్తానికీ ఉండే బ్రేకర్) దించండి. ఫ్యాన్లు తిరుగుతూనే ఉండాలి. గ్రిడ్ పోర్టుకు వెళ్లే సోలార్ ఎంసీబీ టెర్మినల్స్ దగ్గర ఫేజ్‌కు, న్యూట్రల్‌కు మధ్య ఓల్టేజీ ఉండకూడదు. డిజిటల్ మల్టీమీటర్ ఒక్కోసారి 40, 60 ఓల్టులు చూపిస్తుంది, పక్క వైరు నుంచి వచ్చే ఉత్తుత్తి ఓల్టేజీ అది. దాన్ని చూసి బెదరొద్దు, అలాగని నమ్మి వదిలేయనూ వద్దు. హోల్డర్‌కు 40 వాట్ల పాత బల్బు పెట్టి ఆ రెండు టెర్మినల్స్‌కు తగిలించండి. బల్బు ఏమాత్రం ఎర్రబడినా ఎక్కడో రెండు సర్క్యూట్లు కలిసిపోయాయి, ఆ చోటు దొరికేదాకా ఏఈని (డిస్కం ఇంజినీరు) పిలవొద్దు. మెయిన్ మళ్లీ ఎత్తాక ఇన్వర్టర్ కనీసం 60 సెకన్లు ఆగాకే గ్రిడ్‌తో కలవాలి. వెంటనే కలిస్తే గ్రిడ్ కోడ్ సెట్టింగ్ తప్పు, అందులో ‘ఇండియా’ ఎంచుకోవాలి. ‘బ్యాటరీ నుంచి ఎగుమతి’ అనే ఎంపికను ఆపేయండి. గ్రిడ్ నుంచి నింపుకున్న కరెంటును తిరిగి గ్రిడ్‌కే అమ్మినట్టు కనిపించకూడదు.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన ప్రకారం ఓల్టేజీ 80 నుంచి 110 శాతం హద్దు దాటితే ఇన్వర్టర్ 2 సెకన్లలో విడిపోవాలి. 230కి 110 శాతం అంటే 253. మధ్యాహ్నం వాడకం తక్కువున్న వీధిలో లైను ఓల్టేజీ 245 దాకా ఉండొచ్చు. దాని మీద మీ వైర్లలోని డ్రాప్ కూడా కలుస్తుంది. లెక్క చూడండి: 5 కిలోవాట్లు అంటే దాదాపు 22 ఆంపియర్లు. డాబా మీది ఇన్వర్టర్ నుంచి మీటరుకు 25 మీటర్లు, రానూపోనూ 50. రాగి 4 చదరపు మిల్లీమీటర్ల తీగలో 5 ఓల్టులు పెరుగుతుంది, 6లో 3.3, 10లో 2. స్తంభం నుంచి వచ్చే పాత అల్యూమినియం సర్వీసు వైరు దీనికి అదనం. ‘ఎండ మండిపోతుంటే సోలార్ ఆగిపోతోంది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. ఇన్వర్టర్‌లో ఓల్టేజీ హద్దు పెంచేసి సరిచేస్తానంటే ఒప్పుకోకండి. లావు కేబుల్ వేయించండి. ఇన్వర్టర్‌ను మీటరు దగ్గరికి దించండి, ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ తీగలు పొడవైనా నష్టం తక్కువ. అప్పటికీ మీటరు దగ్గరే 250 దాటుతుంటే తేదీ, సమయం కనిపించేలా ఫొటోలు తీసి సెక్షన్ ఆఫీసులో ఇవ్వండి. ఓల్టేజీ తగ్గేలా ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చడం వాళ్ల పని. సింగిల్ ఫేజ్ మీద 5 కిలోవాట్లకు వెళ్లాలనుకుంటే త్రీఫేజ్ అవసరమా అన్నది ఇన్వర్టర్ కొనక ముందే ఏఈ దగ్గర తేల్చుకోండి. సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ కొన్నాక త్రీఫేజ్ మీటరు వస్తే రెండు ఖర్చులు.

విశాఖలో ప్యానెళ్లను మోసే స్ట్రక్చర్ గురించి చెప్పకుండా వదలలేను. కట్టడాల మీద గాలి భారానికి భారత ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగంలో మన ఊరి మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. చాలా కొటేషన్లలో ‘150 కిలోమీటర్ల గాలిని తట్టుకుంటుంది’ అని ఉంటుంది. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. 150 దగ్గర చదరపు మీటరుకు సుమారు 106 కిలోలు, 180 దగ్గర 153. ఒక పెద్ద ప్యానెల్ 2.58 చదరపు మీటర్లు, అంటే దాదాపు 390 కిలోల బలం దాన్ని పైకి లేపాలని చూస్తుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న కాంక్రీటు దిమ్మె బరువు 68 కిలోలు. స్లాబు మీద ఊరికే పెట్టిన దిమ్మెలు ఎందుకు చాలవో ఇప్పుడు అర్థమవుతుంది. కాళ్లు పిల్లర్ల మీదో బీముల మీదో పడాలి, కెమికల్ యాంకర్లతో దిగాలి, చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ చేయాలి. కింద బట్టలారేసుకోవడానికని ఎనిమిదడుగుల ఎత్తు లేపితే గాలి ఇంకా పడుతుంది, అడ్డ బ్రేసింగ్ లేకుండా ఒప్పుకోకండి. వంపు 10 నుంచి 15 డిగ్రీలు చాలు. ఉప్పు గాలికి గాల్వనైజింగ్ 80 మైక్రాన్లు ఉండాలి, బిగించేటప్పుడు కోసిన చోటా తొలిచిన చోటా జింక్ పూత వేయాలి. బోల్టులు స్టెయిన్‌లెస్ 304కు తగ్గకూడదు, సాగరతీరానికి దగ్గరైతే 316. ప్యానెల్‌కు ఉప్పు తేమ పరీక్ష ఐఈసీ 61701 సర్టిఫికెట్ అడగండి.

ఎర్తింగ్ గుంతలు మూడు: ప్యానెళ్ల ఫ్రేములకు ఒకటి, ఏసీ పరికరాలకు ఒకటి, పిడుగు కడ్డీకి విడిగా ఒకటి. రీడింగ్ 5 ఓమ్‌ల లోపు రావాలి. మధురవాడ, ఎండాడ కొండ వాలుల్లో రాతి నేలలో ఒక రాడ్డుతో అది రాకపోవచ్చు. ఇంకో రాడ్డు దూరంగా దింపి కలపాల్సి వస్తుంది, దానికి ఎవరు డబ్బు కట్టాలో ముందే రాసుకోండి. ఎర్త్ టెస్టర్‌తో కొలిచిన కాగితం లేకుంటే ఇన్‌స్పెక్షన్‌లో అడుగుతారు.

బ్యాటరీని డాబా మీద రేకుల కింద పెట్టకండి, వేడికి ఆయుష్షు సగమవుతుంది. పడకగదిలోనూ, మెట్ల కింద దారి మూసేలానూ వద్దు. కింది అంతస్తులో గాలి ఆడే చోట, నేలకు అడుగున్నర ఎత్తులో స్టాండు మీద ఉంచండి. 5 కిలోవాట్లు లాగితే 48 ఓల్టుల వైపు దాదాపు 100 ఆంపియర్లు నడుస్తుంది. కేబుల్ 35 చదరపు మిల్లీమీటర్లు, బ్యాటరీకి అతి దగ్గర్లో డీసీ రేటింగ్ ఉన్న 125 ఆంపియర్ల బ్రేకరో ఫ్యూజో ఉండాలి. ఏసీ ఎంసీబీ అక్కడ పెడితే తెంచేటప్పుడు పుట్టే ఆర్క్ (నిప్పు మెరుపు) ఆరదు, అంటుకుంటుంది. ఆ ఆర్క్ భయంతోనే ప్యానెళ్ల తీగల్ని కలిపే ఎంసీ4 కనెక్టర్లు కూడా రెండు వైపులా ఒకే కంపెనీవి ఉండాలి.

ఇన్‌స్పెక్షన్ రోజున ఐసొలేటర్ మీటరు పక్కన, తాళం లేకుండా అందేలా ఉండాలి. ‘సోలార్ సప్లై ఉంది, రెండు వైపులా కరెంటు’ అన్న బోర్డు మీటరు మీద అంటించండి. పోర్టల్‌లో ఎక్కించిన ప్యానెళ్ల సీరియల్ నంబర్లు పైన ఉన్నవాటితో ఒక్కొక్కటి సరిపోవాలి. బిగించేటప్పుడు ఒక ప్యానెల్ పగిలి వేరేది పెడితే ఆ నంబరు మార్చడం మరిచిపోతారు, దరఖాస్తు అక్కడ ఆగుతుంది. బిగించక ముందే వెనక స్టిక్కర్లన్నీ ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత పాకి చూడలేరు. వెండార్‌తో ఒప్పందం పోర్టల్‌లోని నమూనా మీదే రాసుకోండి, అందులో అయిదేళ్ల మెయింటెనెన్స్ ఉంటుంది. 3 కిలోవాట్ల వరకు 2 లక్షల దాకా తాకట్టు లేని లోను రెపో రేటుకు అర శాతం కలిపిన వడ్డీకి ఇస్తారు. చివరి వాయిదాగా పదో వంతు డబ్బు కమిషనింగ్ సర్టిఫికెట్ వచ్చేదాకా చేతిలో ఉంచుకోండి.

నెలలు గడిచినా మీటరు రాకపోతే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తర్వాత ఏఈ పై అధికారి ఏడీఈకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. అప్పటికీ కదలకపోతే సంస్థ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లండి. 15 రోజుల గడువు సంగతి ఆ అర్జీలో రాయండి.

మీటరు పెట్టిన రోజే దిగుమతి, ఎగుమతి రెండు రీడింగులూ ఫొటో తీయండి. మొదటి రెండు బిల్లుల్లో ఎగుమతి గడి ఖాళీగా ఉందేమో చూడండి. బిల్లింగ్ రికార్డులో కేటగిరీ మారకపోతే మీరు పంపిన యూనిట్లు లెక్కలోకి రావు. అప్పుడు ఆ ఫొటో, కమిషనింగ్ సర్టిఫికెట్ పట్టుకుని సెక్షన్ ఆఫీసుకు వెళ్తే సవరించి ఇస్తారు.